మీ జీపీఎక్స్ ఫైలు, మా రస్తా పోరంబోకు

ఈ టపా ఒక జీపీఎక్స్ ఫైలు గురించి. హైదరాబాదు, బెంగుళూరుల్లోని మన సాఫ్టువేరు జనాల సైకిలు గుంపుల్లో ఇది చేతులు మారుతోంది. ఒంటిమిట్ట గుడి దగ్గర మొదలవుతుంది, హైవే దాటుతుంది, పాలకొండల్లోకి ఎక్కుతుంది, రిజర్వు ఫారెస్టులో మెలికలు తిరిగి మళ్ళీ కిందికి దిగుతుంది. "తెలుగు నేల మీద బెస్ట్ గ్రావెల్, జీరో ట్రాఫిక్, ఫుల్ ఫారెస్ట్" అని దానికో శీర్షిక. జీరో ట్రాఫిక్కే మరి, అక్కడికి ఎవర్నీ రానివ్వరు కదా!

నాకీ ఫైలు ఇప్పటికి నలుగురు పంపారు. "నీది కడపే కదా, నువ్వు చూసుంటావ్" అని. చూశాను. చూసి ఒళ్ళు మండింది కాబట్టే ఇది రాస్తున్నాను. సైకిలు మీద కోపం కాదు, నేనూ తొక్కుతాను. కోపం ఎక్కడంటే, తొక్కదగ్గ దారి కళ్ళెదురుగా ఉంటే దాన్ని వదిలేసి, తొక్కకూడని చోట తొక్కి, దాన్నో ఘనకార్యంగా ఊరంతా పంచడం మీద.

గ్రావెల్ బైకంటే ఏంటో తెలీనివాళ్ళకి రెండు ముక్కల్లో: రేసు సైకిలు లాగా వంగిన హ్యాండిలు, కానీ నలభై మిల్లీమీటర్ల లావు టైర్లు, డిస్కు బ్రేకులు. తారు మీదా పోతుంది, కంకర మీదా, మట్టి మీదా పోతుంది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో పొలాల మధ్య కంకర రోడ్ల మీద 2006లో 200 మైళ్ళ పందెం ఒకటి మొదలైంది, ఇప్పుడు దాన్ని అన్‌బౌండ్ అంటున్నారు. అక్కణ్ణుంచి ఈ పిచ్చి లోకమంతా పాకింది. గమనించండి, ఆ పందెం జరిగేది ఊళ్ళ మధ్య, పొలాల మధ్య ఉండే మామూలు రోడ్ల మీద. అడవిలో దొంగదారిన కాదు. మనవాళ్ళు సైకిలు తెచ్చుకున్నారు, కొత్త ఐఫోన్ కంటే ఎక్కువ పోసి మరీ తెచ్చుకున్నారు. ఆ సంగతి మాత్రం తెచ్చుకోలేదు.

సరే, ఒంటిమిట్టకి వద్దాం.

"రాయలసీమలో ఏముంది గురూ, ఎండ, ఫ్యాక్షను, రాళ్ళు" అని ఇరవయ్యేళ్ళుగా క్యాంటీను బల్లల మీద వింటున్నాను. సినిమాలు చూసి భూగోళం నేర్చుకున్నవాళ్ళకి చెప్పేదేం లేదు. మిగతావాళ్ళు ఒకసారి మ్యాపు తెరవండి. కడప నుంచి రాజంపేట వైపు ఆగ్నేయంగా పోతుంటే, కుడిచేతి వైపు పాలకొండలు శేషాచలం దాకా వెంటే వస్తాయి. ఎడమచేతి వైపు, ఉత్తరాన పెన్న, పెన్నకవతల లంకమల. తూర్పున వెలికొండలు. దక్షిణం నుంచి చెయ్యేరు వచ్చి పెన్నలో కలుస్తుంది. ఈ కొండల నడుమ, రెండు ఏర్ల మధ్య ఉన్న పల్లంలో కడపకి పాతిక కిలోమీటర్ల దూరంలో ఒంటిమిట్ట. సిద్ధవటం నుంచి తాళ్ళపాకకి కాకిలెక్కన ముప్పై కిలోమీటర్లకి అటూ ఇటూ. ఆ ముప్పైలో ఏమేం ఉన్నాయో వినండి.

సిద్ధవటంలో పెన్న ఒడ్డున మట్లి రాజుల కోట. గోడ మీద నిలబడితే కింద ఏటి ఇసక. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కొన్నేళ్ళు జిల్లా కేంద్రం అదే, తర్వాతే కడపకి మారింది. ఒంటిమిట్టలో కోదండరాముడి గుడి. సీతారామలక్ష్మణులు ఒకే శిల మీద ఉంటారు, గర్భగుడిలో ఆంజనేయుడు ఉండడు. 2015 నుంచి రాష్ట్ర ప్రభుత్వ లాంఛనాలతో నవమి ఉత్సవాలు ఇక్కడే, కల్యాణం మాత్రం పగలు కాదు, రాత్రి పండువెన్నెల్లో. ఆ గుడి పాడుబడిపోయిన రోజుల్లో వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా అడుక్కుని దాన్ని నిలబెట్టారు. ఇంకా దక్షిణానికి పోతే నందలూరు, చెయ్యేటి ఒడ్డున చోళుల కాలం నాటి సౌమ్యనాథుడి గుడి. ఆ పైన తాళ్ళపాక, అన్నమయ్య పుట్టినూరు. (పోతన ఒంటిమిట్టవాడా బమ్మెరవాడా అన్న గొడవ ఇక్కడ ఎత్తను. ఎత్తితే సైకిళ్ళు పక్కన పడి వ్యాఖ్యల పెట్టె నిండిపోతుంది.)

ఇవన్నీ ఎందుకు వరసగా ఉన్నాయి? అసలు పాయింటు ఇదే. ఇది దారి కాబట్టి. దేవుని కడపని తిరుమలకి తొలి గడప అంటారు, అంటే ఉత్తరం నుంచి కొండకి పోయే జనం ఈ పల్లంలోంచే నడిచారు. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు మద్రాసు మీదుగా గండికోటలో ఉన్న మీర్ జుమ్లాని కలవడానికి పోతూ ఒంటిమిట్ట గుడి చూసి మెచ్చుకున్నాడు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసులో పల్లకీ ఎక్కి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా కాశీకి పోయాడు. తర్వాత మద్రాసు-బొంబాయి రైలు లైను, 1871లో రెండు కొసలూ కలిసిన లైను, అదీ ఈ పల్లంలోంచే వేశారు. మనుషులు, గుర్రాలు, పల్లకీలు, ఎద్దుబండ్లు, ఆఖరికి ఆవిరి ఇంజనూ ఎంచుకున్న చోటు ఇది. వీళ్ళెవరూ సరదాకి కొండెక్కలేదు. కొండ అంచున, ఏటి గట్టున, చెరువు కట్ట మీద, ఊరి నుంచి ఊరికి పోయారు. ఇంత చరిత్ర నడిచిన నేలని వదిలేసి, మన సోదరులు శాటిలైటు బొమ్మలో ఎక్కడ ఎక్కువ పచ్చగా కనబడితే అక్కడికి గీత గీసేశారు.

ఇప్పుడు ఆ పచ్చదనం సంగతి.

పాలకొండల్లో, శేషాచలంలో, లంకమలలో, వెలికొండల్లో ఉన్నది ఎర్రచందనం. సహజంగా ప్రపంచంలో ఇంకెక్కడా పెరగని చెట్టు, ఈ కొన్ని జిల్లాల కొండల్లో తప్ప. ఆ ఒక్క కారణంతో ఈ అడవి మామూలు అడవి కాదు, కాపలా ఉన్న ఖజానా. లంకమల 1988 నుంచి అభయారణ్యం. శేషాచలంలో కొంత భాగం 1989 నుంచి నేషనల్ పార్కు. 1972 నాటి వన్యప్రాణి చట్టం 27వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగు పెట్టకూడదు. మినహాయింపుల్లో ఒకటి, దానిలోంచి పోయే పబ్లిక్ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి. సిద్ధవటం నుంచి బద్వేలుకి పోయే తారు రోడ్డు అలాంటిదే, ఎవరైనా దర్జాగా పోవచ్చు. ఆ రోడ్డు దిగి పక్కన జీపు దారిలోకి తిరిగారో, చట్టం దృష్టిలో మీ సైకిలు కార్బన్ ఫ్రేమా, పాత అట్లాసా అన్న తేడా లేదు.

చట్టానికి లేదు గానీ మనుషులకి ఉంది. నాకు కడుపు మండేది ఇక్కడే.

"పట్టుకుంటే ఏమవుతుంది బాసూ, ఫారెస్టోళ్ళు వార్నింగిచ్చి పంపించేస్తారు. మనకి తెలిసినవాళ్ళున్నారు" - ఆ గుంపులో ఒకాయన మాట ఇది, నవ్వు బొమ్మతో సహా. ఆయనన్నది నిజమే, నిజంగానే పంపించేస్తారు. హెల్మెట్టు, రంగురంగుల జెర్సీ, చేతికి గడియారం, ఇంగ్లీషు. అదే అడవంచు పల్లెలో వంటచెరుకు కోసం పోయిన ముసలామె గొడ్డలి లాక్కుంటారు. మేకలు తోలుకుపోయినవాణ్ణి దుంగల దొంగలకి దారి చూపించావా అని స్టేషనులో కూర్చోబెడతారు. 2015 ఏప్రిల్ 7న ఇదే కొండల వరసలో, దక్షిణాన శేషాచలంలో, తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది పోలీసు కాల్పుల్లో చచ్చిపోయారు. వాళ్ళు దుంగలు నరికే కూలీలన్నారు, ఎదురుకాల్పులన్నారు, బూటకమన్నారు, కేసులయ్యాయి. ఆ రచ్చలోకి నేను పోవట్లేదు. నేననేది ఒక్కటే. ఆ గీత దాటితే ఒకడికి తూటా, ఇంకొకడికి వార్నింగు అయినప్పుడు, ఆ వార్నింగుని "అడ్వెంచర్" అని చెప్పుకోడానికి నోరెలా వస్తుంది? పల్లెవాళ్ళకి మూసిన తలుపు మనకి తెరిచి ఉందంటే, అది మన గొప్ప కాదు.

"మేం చెట్లు నరకట్లేదు కదా, సైకిలు తొక్కితే అడవికేం నష్టం?" ఇది రెండో వాదన. కాస్త మర్యాదైనది, జవాబివ్వాలి.

ముందు ఫైలు సంగతే చూద్దాం, అది మన వృత్తి కాబట్టి. స్ట్రావా వాళ్ళు 2017 నవంబరులో లోకంలోని పరుగులు, సైకిళ్ళ గీతలన్నీ కలిపి ఒక హీట్‌మ్యాపు వదిలారు. రెండు నెలల తర్వాత, 2018 జనవరిలో, ఒక విద్యార్థి దాన్ని చూసి ఎడారి మధ్యలో మెరుస్తున్న గీతలు సైనిక స్థావరాలని బయటపెట్టాడు. జాగింగు చేసిన సైనికులకి తాము మ్యాపు గీస్తున్నామని తెలీదు. మీరు పాలకొండల్లో గీసిన గీత కూడా అంతే. ఏ జీపు దారి ఎక్కడ ఏ కనుమలోకి తేలుతుందో, చక్రాల మీద ఎంతసేపట్లో దాటొచ్చో, ఎక్కడ ఎవరూ ఆపలేదో, టైముతో సహా అందులో ఉంది. దుంగలు మోసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ప్రొడక్షన్ సర్వరు పాస్‌వర్డు గుంపులో పెడితే ఉద్యోగం పీకేస్తారు. ఇది మాత్రం లైకులు కొట్టి షేర్ చేస్తున్నారు.

రెండోది కలివికోడి. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్. 1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక ఇంక లేదనుకున్న పిట్ట. ఎనభై ఆరేళ్ళ తర్వాత, 1986 జనవరిలో, లంకమల పక్కన రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. లంకమల అభయారణ్యం పెట్టిందే దాని కోసం. ఇది దట్టమైన అడవిలో ఉండదు. కొండ కింద అక్కడక్కడా ముళ్ళపొదలు, మధ్యలో బట్టనేల, అదీ దాని ఇల్లు. పగలు పొదకింద, రాత్రి తిరుగుడు. అంటే మీ కళ్ళకి "ఏమీ లేదు, అడ్డంగా తొక్కుకుంటూ పోవచ్చు" అనిపించే నేలేదో సరిగ్గా అదే. ఆ పొదల నేల కొంత 2005లో తెలుగుగంగ కాలవ తవ్వకంలో ఎలాగూ పోయింది. మిగిలినదాంట్లో తెల్లారుజామున నాలుక్కి వెయ్యి ల్యూమెన్ల లైట్లేసుకుని పదిమంది పోవడం సరదా అంటే, నాకర్థం కాదు.

మూడోది మీ ప్రాణం. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రి ముందు, ఓబులవారిపల్లె మండలం గుండాలకోన వైపు అడవిలో నడిచిపోతున్న భక్తుల్ని ఏనుగులు తొక్కేశాయి. ఏళ్ళ తరబడి అలవాటున్న దారి వాళ్ళది. మీకు అలవాటున్నది గచ్చిబౌలి ఫ్లైఓవరు.

"అన్నమయ్య అడవిలో నడిచి తిరుమల పోలేదా?" అని ఒకాయన చరిత్ర తీశాడు. పోయాడు స్వామీ. కుక్కలదొడ్డి నుంచి కొండకి అన్నమయ్య దారి అని ఇప్పటికీ అంటారు. ఆయన పోయింది వెంకటేశ్వరుడి కోసం, "కింగ్ ఆఫ్ ద మౌంటెన్" బ్యాడ్జీ కోసం కాదు.

ఇక ఏం చెయ్యాలి? నేను చెప్పదలుచుకున్నది ఇక్కడుంది, పైదంతా తిట్టడమే.

మన ప్రతి గ్రామానికీ రెవెన్యూ మ్యాపు ఉంటుంది. అందులో పొలాల మధ్య సన్న గీతలుంటాయి, ఊరి నుంచి చెరువుకి, చెరువు నుంచి పక్క ఊరికి, అక్కణ్ణుంచి ఏటికి. అవి బండిబాటలు. అడంగల్లో వాటి పేరు రస్తా పోరంబోకు. పోరంబోకంటే మనకి తిట్టు గానీ రెవెన్యూ భాషలో దానర్థం ఎవరి సొంతమూ కాని, అందరికీ చెందిన నేల. ఆ బాట మీద నడవడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ రేంజరూ అడ్డుపడడు. పెన్న గట్టు నుంచి చెయ్యేటి గట్టు దాకా ఒంటిమిట్ట చుట్టూ ఇలాంటివి అల్లుకుని ఉన్నాయి. మామిడితోటల సందులోంచి, బొప్పాయి తోటల పక్కనుంచి, వంకల్లో దిగి ఎక్కుతూ, కుడివైపు ఎప్పుడూ కొండ కనబడుతూ. గ్రావెల్ అని మీరు కలవరించేది అచ్చంగా ఇదే కదా?

అయితే ఈ బాటలు చచ్చిపోతున్నాయి. ఎడ్లబండ్లు పోయాయి. ట్రాక్టరు వేరే దారిన పోతోంది. ఎవరూ నడవని బాటని పక్క పొలంవాడు ఏడాదికో మూర చొప్పున దున్నేసుకుంటాడు, ఆ పైన ముళ్ళకంచె వస్తుంది, ఆ పైన గేటు. పోయిన డిసెంబరులో సిద్ధవటం నుంచి ఒంటిమిట్టకి హైవే ఎక్కకుండా రావాలని చూశాను. టోపోషీటులో ఉన్న బాట ఒకచోట దానిమ్మ తోటలో మాయమైంది. అక్కడ నీళ్ళు కడుతున్న పెద్దాయన, "యాడికి పోతాండావు నాయనా? ఈ పక్క రస్తా ఉన్నింది నిజమే. మా చిన్నప్పుడు తిర్నాళ్ళకు బండ్లన్నీ ఈడనే పోతాండె. ఇప్పుడు అడిగేవాళ్ళు యావరుండారు?" అన్నాడు.

అడిగేవాళ్ళు ఎవరున్నారు! ఇంగ్లండులో 1968లో ఒక చట్టం చేశారు. అంతవరకూ నడిచేవాళ్ళకి, గుర్రాలకి మాత్రమే హక్కున్న బ్రిడిల్‌వేల మీద సైకిళ్ళు కూడా పోవచ్చు, కాకపోతే నడిచేవాళ్ళకీ గుర్రాలకీ దారివ్వాలి అని. అక్కడ పాత కాలిబాటలు బతికున్నాయంటే కారణం జనం ఏళ్ళ తరబడి వాటి మీద మొండిగా నడవడం, మ్యాపుల్లోకి ఎక్కించడం, మూసేస్తే పోట్లాడటం. మన దగ్గర గీత మ్యాపులో ఉంది, హక్కు కాగితం మీద ఉంది, వాడేవాడు లేడు. 2020 డిసెంబరులో ఆంధ్రాలో భూముల రీసర్వే మొదలుపెట్టారు. సరిహద్దులు మళ్ళీ గీసేటప్పుడు వాడుకలో లేని బాట ఉంటుందో పోతుందో చెప్పక్కర్లేదు. పొలానికైతే యజమాని వచ్చి నా గట్టు ఇదీ అంటాడు. బాట తరఫున ఎవరొస్తారు?

మనం రావచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాపులో బండిబాటలకి ట్రాక్ అని ఒక ట్యాగు ఉంది, గట్టిదనాన్ని బట్టి ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడులు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపింగు నిబంధనలు సడలించింది, భయపడాల్సింది లేదు. జీపీఎస్ మన చేతికే ఉంది, డేటా శుభ్రం చెయ్యడం మన అన్నం. అడవిలో ఒక దొంగ గీత గీసే ఓపికతో ఊళ్ళ మధ్య ఇరవై రస్తాలు గియ్యొచ్చు. ఫోటో, తేదీ, ఎక్కడ కంచె అడ్డొచ్చింది, అన్నీ రాయొచ్చు. రేపు ఆ ఊరివాళ్ళెవరైనా తాసీల్దారు దగ్గరికి పోతే చూపించడానికి ఒక రుజువుంటుంది.

ఇంకో మాట. "ఆ మట్టిరోడ్లకి తారు వెయ్యొద్దని ప్రభుత్వానికి పిటిషను పెడదాం" అని ఒక మహానుభావుడి సలహా. దయచేసి ఆ పని చెయ్యకండి. ఊళ్ళోంచి ఆసుపత్రికి అంబులెన్సు పోయే రోడ్డుకి తారు పడాలి, పడి తీరాలి. 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు పులపత్తూరు, మందపల్లె లాంటి ఊళ్ళు కొట్టుకుపోయాయి, నందలూరు దగ్గర రైలు పట్టాల కింద నేలే లేకుండా పోయింది. అలాంటి చోట వీకెండు సరదా కోసం మట్టి మట్టిగానే ఉండాలని కోరడానికి సిగ్గుండాలి. నేనడిగేది బండిబాట బండిబాటగా ఉండనివ్వమని, అంటే మాయం చెయ్యొద్దని. దాని మీద రైతు కంకర పోసుకుంటాడా, గ్రావెలు తోలుకుంటాడా అన్నది ఆయనిష్టం. అన్నట్టు, మొరాన్ని అక్కడ గ్రావెలనే అంటారు. మీరు లక్షలు పోసి నేర్చుకున్న మాట అక్కడ ట్రాక్టరు డ్రైవరుకి ముందే వచ్చు.

పోదామనుకునేవాళ్ళకి నాలుగు సంగతులు. నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా పోండి, మార్చి తర్వాత పొద్దున తొమ్మిదికే ఎండ చంపేస్తుంది. ట్యూబులెస్ టైర్లలో సీలెంటు నిండుగా పోసుకోండి, తుమ్మముల్లు సంగతి సరే, పల్లేరుకాయ అంతకంటే ఘోరం. ఏటి ఇసకలో తొక్కడానికి చూడకుండా దిగి నడవండి. కడప-రాజంపేట హైవే మీద లారీలుంటాయి, దాటడానికి తప్ప ఎక్కకండి. తోటలోంచి పోవాల్సొస్తే అడగండి. అడిగితే పొమ్మనడమే కాదు, కాయ కోసి చేతిలో పెడతారు. గుడి దగ్గర ఆ పొట్టి నిక్కర్ల మీద ఒక పంచె చుట్టుకోండి.

సిద్ధవటం కోట నుంచి ఒంటిమిట్ట చెరువు దాకా పదకొండు బాటల గీతలు నా దగ్గర ఉన్నాయి, మూడింట్లో కంచెలున్నాయి. నందలూరు వైపు ఒక్కటీ లేదు. తాళ్ళపాక నుంచి ఎవరైనా ఇటు మొదలుపెడితే చెప్పండి, నేను ఈ చివర్నుంచి వస్తాను.